ఏ బడిని ఏ బడితో పోల్చాలి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తీస్తే మొదటి పేజీలో రాష్ట్రం ఉత్తీర్ణత శాతం, లోపలి పేజీలో జిల్లాల వరస కనిపిస్తాయి. మొదట నిలిచిన జిల్లాకు అభినందనలు అందుతాయి. చివర నిలిచిన జిల్లాలో సమీక్షా సమావేశం జరుగుతుంది. డీఈవో ఎంఈవోలను అడుగుతారు, ఎంఈవోలు హెడ్మాస్టర్లను, హెడ్మాస్టర్లు లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్లను అడుగుతారు. ఆఖరికి సంజాయిషీ రాయాల్సి వచ్చేది ఏ మారుమూల జెడ్పీ హైస్కూల్లోనో ఒక స్కూల్ అసిస్టెంటు. ఆయన చెప్పే జవాబు చాలా చోట్ల ఒకటే: "మా దగ్గరికి వచ్చే పిల్లల పరిస్థితి వేరు సార్." పైవాళ్లకు అది సాకులా వినిపిస్తుంది. కొన్నిసార్లు సాకే. చాలాసార్లు పచ్చి నిజం. ఏ బడి విషయంలో సాకో, ఏ బడి విషయంలో నిజమో తేల్చే పద్ధతి మన ఫలితాల పట్టికలో లేదు. ఆ పద్ధతి ఎలా ఉండాలో ఓపిగ్గా ఆలోచించాలి, ఎందుకంటే దీని మీద కొన్ని వేలమంది టీచర్ల గౌరవమూ కొన్ని లక్షలమంది పిల్లల భవిష్యత్తూ ఆధారపడి ఉన్నాయి.

వికారాబాద్ జిల్లాతో మొదలుపెడదాం. తెలంగాణ పదో తరగతి ఫలితాల్లో 2023లో ఆ జిల్లాది 59.46 శాతం, రాష్ట్రంలో ఆఖరి స్థానం. 2024లో 65.10 శాతం, మళ్లీ ఆఖరు. 2025లో 73.97 శాతం, మళ్లీ ఆఖరే. స్థానాలు మాత్రమే చూసేవాళ్లకు వికారాబాద్ మూడేళ్లుగా ఉన్నచోటే ఉంది. ఇప్పుడు శాతాలు చూడండి. రెండేళ్లలో 14 పాయింట్లకు పైగా పెరిగింది. అదే సమయంలో రాష్ట్రం మొత్తం 86.60 నుంచి 92.78కి, అంటే సుమారు 6 పాయింట్లు పెరిగింది. నిర్మల్ లాంటి జిల్లా 2023లో, 2024లో 99 దగ్గర నిలబడింది, దానికి ఇంకా పెరిగే చోటే లేదు. చివరి జిల్లా అందరికంటే వేగంగా నడిచి ఉండొచ్చు, అయినా వరసలో చివరనే ఉంటుంది. ఎక్కడో ఒక జిల్లా ఎప్పుడూ చివర ఉండక తప్పదు. ముప్పైమూడు జిల్లాలూ తొంభై శాతం దాటినా ముప్పైమూడో స్థానం ఒకటి ఉంటుంది, ఆ జిల్లా డీఈవోకు ప్రశ్నలూ ఉంటాయి.

వికారాబాద్ పెరుగుదలను కూడా తొందరపడి మెచ్చుకోకూడదు. 2023లో పరీక్ష రాసిన పిల్లలు వేరు, 2025లో రాసినవాళ్లు వేరు. ప్రశ్నపత్రం వేరు, మూల్యాంకనం వేరు. ఈ అంకెలు రెండు బృందాల పిల్లలను పోలుస్తున్నాయే తప్ప, ఒక పిల్లవాడు ఆరో తరగతిలో ఎక్కడున్నాడు, పదో తరగతికి ఎక్కడికి చేరాడు అనేది చెప్పడం లేదు. బడి చేసిన పని ఆ రెండు చోట్ల మధ్య ఉంది.

బడి పని అంతా ఆ మధ్యలోనే ఉందని మనకు తెలుసు, అయినా ఫలితాలు చూసేటప్పుడు మర్చిపోతాం. కాలువ కింద మాగాణిలో ఎకరాకు పండిన బస్తాలనూ వానమీద ఆధారపడ్డ మెట్టలో పండిన బస్తాలనూ పక్కపక్కన పేర్చి, మెట్టరైతుకు వ్యవసాయం రాదని ఏ ఊళ్లోనూ అనరు. పదో తరగతి ఫలితాల్లో సరిగ్గా అదే అంటున్నాం.

పిల్లల మధ్య తేడా బడి గడప తొక్కకముందే మొదలవుతుంది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంట ఉండి గమనిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనం ఈ విషయాన్ని మన ఊళ్లలోనే చూపించింది. అయిదేళ్ల వయసులో చిన్న చిన్న పదాల పరీక్ష పెడితే, ఉన్న ఇంటి పిల్లలకూ లేని ఇంటి పిల్లలకూ అప్పటికే తేడా ఉంది. అమెరికాలో ఇంతకంటే ముందే, 1964 పౌరహక్కుల చట్టం ఆదేశం మీద, సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ సుమారు ఆరు లక్షల మంది పిల్లల వివరాలు సేకరించి 1966లో నివేదిక ఇచ్చాడు. నల్లజాతి పిల్లల బడులకు డబ్బూ పుస్తకాలూ తక్కువ కావడమే మార్కుల తేడాకు కారణమని అందరూ అనుకుంటున్న రోజులవి. నివేదిక వేరే సంగతి చెప్పింది: మార్కుల తేడాలో ఎక్కువ భాగం ఇంటి పరిస్థితుల నుంచి, తోటి పిల్లల పరిస్థితుల నుంచి వస్తోంది. ఆ నివేదికను తర్వాతివాళ్లు చాలా రకాలుగా తిరగేసి విమర్శించారు. ఆ ప్రధానమైన పరిశీలన మాత్రం దేశదేశాల్లో మళ్లీ మళ్లీ నిలబడింది.

ఇంటి పరిస్థితి అనే మాట అధికారిక కాగితాల్లో చాలా పలచగా వినిపిస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో దానికి చాలా గట్టి అర్థం ఉంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల్లో వానాకాలపు పంట అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, ఆ తర్వాత గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోయడానికి. మిరపకోతలు జనవరి నుంచి మార్చి దాకా జోరుగా సాగుతాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. కూలి మనిషికి ఇంత అని కాకుండా కోసిన కాయల తూకం మీద ముడితే, ఇంకో రెండు చేతులు ఉండటం ఇంటికి ఎంత విలువో చెప్పక్కర్లేదు. పెద్దపిల్ల పొలం గట్టున చంటిపిల్లను చూసుకోవాలి. పిల్లల్ని ఊళ్లో అవ్వ దగ్గర వదిలి వెళ్దామంటే అవ్వ కూడా బండెక్కుతుంది. ఈ పిల్లల కోసమే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, అవి నడిచిన చోట పిల్లలు నిలుస్తున్నారు కూడా. కానీ నవంబరులో పిల్లవాడు వెళ్లిపోయి ఫిబ్రవరి చివర్లో తిరిగి వస్తే, ఆ నాలుగు నెలలకూ లెక్కల టీచరు ఎలా సంజాయిషీ రాయాలి? 2024లో కర్నూలు 62.47 శాతంతో ఆంధ్రప్రదేశ్‌లో ఆఖరున నిలిచింది. ఆ అంకెలో మిరపతోటలు ఎంత, బడులు ఎంత అనేది పట్టిక చెప్పదు.

ప్రభుత్వానికి ఈ తేడా తెలియక కాదు. టీచర్ల బదిలీల కౌన్సెలింగ్ జరిగేటప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్లను నాలుగు కేటగిరీలుగా విడదీస్తారు. ఇంటి అద్దె భత్యం స్థాయి, రోడ్డు సౌకర్యం చూసి, దూరపు ఊళ్లో పనిచేసినందుకు ఎక్కువ పాయింట్లు ఇస్తారు. నాలుగో కేటగిరీ ఊళ్లో ఒక ఏడాది ఒకటో కేటగిరీ పట్నంలో ఒక ఏడాదితో సమానం కాదని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. టీచరు ప్రయాణానికి వర్తించే ఈ న్యాయం, అదే ఊళ్లో చదివే పిల్లల ఫలితాలు చూసేటప్పుడు ఎందుకు వర్తించదు? బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవడం టీచరుకు కష్టమైతే, ఇంట్లో అక్షరం వచ్చిన మనిషి లేకుండా పదో తరగతి దాకా రావడం పిల్లవాడికి అంతకంటే చిన్న కష్టమేమీ కాదు.

ఇలాంటి పోలికల్లో అన్నిటికంటే ఎక్కువ నమ్మేదీ, అన్నిటికంటే తప్పుదోవ పట్టించేదీ ప్రైవేటు బడితో సర్కారు బడి పోలిక. దీన్ని తేల్చడానికి మన రాష్ట్రంలోనే ఒక చక్కని ప్రయోగం జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లు నడిపించారు. ప్రైవేటు బడికి వెళ్లాలని దరఖాస్తు పెట్టుకున్న సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరు వచ్చినవాళ్లకు ఫీజు కట్టారు. లాటరీ ఎందుకంటే, పేరు వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ ఇంటి పరిస్థితిలో తేడా ఉండకూడదని. మామూలుగా చూస్తే ఆ ఊళ్లలో ప్రైవేటు బడి పిల్లల మార్కులు సర్కారు బడి పిల్లల కంటే చాలా ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత లాటరీ పిల్లలను పరీక్షిస్తే తెలుగులో, లెక్కల్లో రెండు బృందాల మధ్య తేడా లేదు. ముందు కనిపించిన పెద్ద తేడా ఇంటి నుంచి వచ్చింది, బడి నుంచి వచ్చింది కాదు.

2015లో అచ్చయిన ఆ అధ్యయనాన్ని సర్కారు బడి అభిమానులు సగమే చెప్పుకుంటారు. మిగతా సగం కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద సర్కారు బడి పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టలేదు. తెలుగుకీ లెక్కలకీ తక్కువ గంటలు కేటాయించి అదే ఫలితం తెచ్చాయి, మిగిలిన గంటల్లో హిందీ లాంటివి నేర్పాయి, హిందీలో వాళ్ల పిల్లలు స్పష్టంగా ముందున్నారు. న్యాయమైన పోలిక అంటే మనకు నచ్చిన బడిని గెలిపించే పోలిక అనుకోకూడదు. అది అందరినీ కొంచెం కొంచెం ఇబ్బంది పెడుతుంది.

గురుకులాల సంగతి కూడా ఇక్కడే చూడాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన నాటి నుంచీ గురుకులాలు పేద పిల్లలకు తెరిచిన గొప్ప తలుపులు, అందులో సందేహం లేదు. ఏటా ఫలితాల్లో ముందు వరసలో ఉండేవి కూడా అవే. అది చూసి "వాళ్లూ పేదపిల్లలే కదా, వాళ్లకు వచ్చిన చదువు మీ జెడ్పీ స్కూలు పిల్లలకెందుకు రాదు" అని హెడ్మాస్టర్లను నిలదీస్తుంటారు. గురుకులానికి ప్రవేశపరీక్ష ఉంది. అయిదో తరగతికే ఊళ్లో చురుకైన పిల్లలు ఆ పరీక్ష రాసి వెళ్లిపోతారు. ఆ తర్వాత వాళ్లకు మూడు పూటలా భోజనం, సాయంత్రం స్టడీ అవర్లు, రాత్రి కరెంటు, పక్కన చదివే తోటివాళ్లు దొరుకుతారు. మంచిదే. కానీ ఆ పిల్లలు వెళ్లిపోయాక తరగతిలో మిగిలినవాళ్లతో జెడ్పీ హైస్కూలు నడవాలి. అంటే ఒక బడి విజయం పక్క బడి సగటును కిందికి దించుతోంది, ఆ తర్వాత రెండింటినీ ఒకే పట్టికలో పెడుతున్నాం. గురుకులాలను గురుకులాలతో పోల్చాలి. ఎంపిక లేకుండా, వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకునే బడిని అలాంటి బడితోనే పోల్చాలి.

పట్టికలో ఇంకో చిక్కు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. ఉత్తీర్ణత శాతాన్ని పరీక్ష రాసినవాళ్ల సంఖ్య మీద లెక్కిస్తారు. రెండు బడులు ఊహించుకోండి. రెండింటిలోనూ ఆరో తరగతిలో 60 మంది చేరారు. మొదటి బడిలో పదో తరగతి పరీక్షకు 40 మంది మిగిలారు, 38 మంది పాసయ్యారు: 95 శాతం. రెండో బడిలో 56 మంది మిగిలారు, 46 మంది పాసయ్యారు: 82 శాతం. పేపర్లో మొదటి బడి ఫొటో వస్తుంది. ఆరో తరగతిలో చేరిన 60 మందిని హారంలో పెట్టి చూస్తే మొదటి బడిది 63 శాతం, రెండోది దాదాపు 77 శాతం. మొదటి బడిలోంచి వెళ్లిపోయిన 20 మంది ఎక్కడికి వెళ్లారు? కొందరు వేరే బడికి వెళ్లి ఉంటారు, కొందరు పనికి వెళ్లి ఉంటారు, కొందరిని తొమ్మిదిలోనే ఆపేసి ఉంటారు, కొందరమ్మాయిలకు పెళ్లయి ఉంటుంది. వందశాతం కోసం ఒత్తిడి పెరిగేకొద్దీ, బలహీనమైన పిల్లవాణ్ని పరీక్ష దాకా తీసుకెళ్లడం బడికి నష్టంగా కనబడటం మొదలవుతుంది. నా దృష్టిలో ఈ పట్టిక చేసే హాని అన్నింటిలోకీ ఇదే పెద్దది. చదువు అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లవాడే బడికి భారమైపోతాడు.

చిన్న బడుల కష్టం వేరు. పదో తరగతిలో 8 మంది ఉన్న బడిలో ఒక్క పిల్లకు పరీక్ష రోజు జ్వరం వస్తే శాతం 12 పాయింట్లకు పైగా పడిపోతుంది. 120 మంది ఉన్న బడిలో అదే జ్వరానికి ఒక్క పాయింటు కూడా పోదు. అందుకే వందశాతం జాబితాలోనూ సున్నా జాబితాలోనూ చిన్న బడులకే ఎక్కువ అవకాశం. అమెరికాలో ఉత్తర కరోలినా బడులను పరిశీలించి థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఇదే చూపించారు: ఒక ఏడాది అవార్డు అందుకున్న చిన్న బడి మరుసటి ఏడాది కిందికి జారడంలో టీచర్ల పాత్ర కంటే అదృష్టం పాత్ర ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 2,803 బడులు వందశాతం సాధించాయి. 2025లో 1,680. ఒక్క ఏడాదిలో వెయ్యికి పైగా బడుల్లో టీచర్లు పని మానేశారని ఎవరూ అనరు. 2025లో పదో తరగతికి కొత్తగా ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు వచ్చాయి, రాష్ట్రం మొత్తం 86.69 నుంచి 81.14కి తగ్గింది. ఒక బడిని ఒక్క ఏడాది అంకెతో తూచకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కనీసం మూడేళ్ల సగటు చూడాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా విని, "అయితే పేదపిల్లల బడిని ఏమీ అడగొద్దంటారా" అని ఎవరైనా అంటే ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. ఇది ఈ విషయంలో అన్నిటికంటే గంభీరమైన అభ్యంతరం. ఇంటి పరిస్థితి బాగాలేదనే మాట చాలా బడుల్లో "ఈ పిల్లలకు చదువు రాదు" అనే మాటగా మారిపోయింది. ఆ మాట ఎక్కువగా దళిత వాడల పిల్లల గురించి, తండాల పిల్లల గురించి, గూడేల పిల్లల గురించి వినిపిస్తుంది. పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం ఆ పిల్లల మీద ఆశ వదులుకోవడానికి అనుమతిపత్రం అయితే, ఆ పద్ధతి ఇప్పుడున్న పట్టిక కంటే ఘోరం.

ఆ అనుమతి ఎందుకు ఇవ్వకూడదో చూపించే జిల్లా మనకు ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ భూభాగంలోని పదమూడు పాత జిల్లాల్లో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్నది విజయనగరంలో, 58.89 శాతం. దానికి కాస్త పైన కర్నూలు, 59.97. దాదాపు సమానం. 2022లో విజయనగరం నుంచి గిరిజన ప్రాంతాన్ని ప్రధానంగా విడదీసి, శ్రీకాకుళం నుంచి కొంత కలిపి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. 2023లో, 2024లో, 2025లో పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానం ఆ జిల్లాదే. 2024లో 96.37 శాతం. అదే ఏడాది ఆఖరి స్థానం కర్నూలుది. అక్షరాస్యత దాదాపు సమానంగా ఉన్న రెండు నేలల నుంచి వచ్చిన పిల్లలు పట్టికకు రెండు కొసల్లో నిలబడ్డారు. పేదరికమే అంతా నిర్ణయిస్తుందనేవాళ్లు ఈ జతను చూసి జవాబు చెప్పాలి.

నా జవాబు ఇది. మన్యం చిన్న జిల్లా, పదో తరగతి రాసేది ఏటా సుమారు పదివేల మంది. ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు అక్కడి చదువుకు వెన్నెముక. అమ్మానాన్నలు కొండమీద పోడు చేసుకుంటున్నా, పిల్లవాడు బడిలోనే తిని బడిలోనే పడుకుంటాడు. కర్నూలు పశ్చిమాన పిల్లవాడు ఇంటితోపాటు కదులుతాడు. రెండు చోట్లా పేదరికం ఒకటే, కానీ అది పిల్లవాణ్ని బడి నుంచి లాగే తీరు వేరు. ఇలాంటి కారణం మన చేతిలో ఉన్న కారణం. హాస్టలు కట్టడం, నడపడం ప్రభుత్వం చేయగలిగిన పని.

అయితే ఇంకో జత కూడా ఉంది. 2025లో ఆఖరున నిలిచింది అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64 శాతంతో. అదీ ఏజెన్సీయే, అక్కడా ఆశ్రమ పాఠశాలలున్నాయి, అదీ మన్యం పుట్టిన రోజునే పుట్టింది. ఆ ఏడాది మన్యం 93.90 శాతం. ఈ రెండింటి మధ్య పోలికే నిజంగా పనికొచ్చే పోలిక, ఎందుకంటే ఇక్కడ "మా పిల్లలు వేరు" అనే జవాబు ఒక్కటే చాలదు. అల్లూరి అప్పటికి విస్తీర్ణంలో రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా. పాడేరు కొండలు ఒకవైపు, చింతూరు గోదావరి అడవులు మరోవైపు. ఇళ్లలో కువి, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడుకునే పిల్లలు తెలుగులో కూడా కొత్తగా నిలబడుతూ, ఆంగ్ల మాధ్యమంలో ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు చదవాలి. ఎన్ని బడుల్లో సబ్జెక్టు టీచర్ల ఖాళీలున్నాయి, కొత్త పుస్తకాల మీద శిక్షణ ఎవరికి అందింది, ఏ మండలాలు జిల్లాను కిందికి లాగాయి, మన్యంలో ఇళ్లలో ఇలాంటి భాషలే మాట్లాడే పిల్లలు ఎలా గట్టెక్కారు? సమీక్షలో అడగాల్సిన ప్రశ్నలు ఇవి. అల్లూరిని నిర్మల్‌తోనో పశ్చిమ గోదావరితోనో పోలిస్తే ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా పుట్టదు.

ఇంగ్లండు ఈ దారిలో మనకంటే ముప్పై ఏళ్లు ముందు నడిచింది, పడుతూ లేస్తూ. 1992లో బడుల వారీగా ఫలితాల పట్టికలు అచ్చువేయడం మొదలుపెట్టారు. సంపన్నుల పేటల బడులు పైన, గనుల ఊళ్ల బడులు కింద. హార్వీ గోల్డ్‌స్టీన్ లాంటి గణాంకశాస్త్రవేత్తలు మొదటి నుంచీ అభ్యంతరం చెబుతూ వచ్చారు. 2006లో ప్రభుత్వం కొత్త కొలత తెచ్చింది. పిల్లవాడి పాత మార్కులతోపాటు ఉచిత మధ్యాహ్న భోజనానికి అర్హుడా, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా, ప్రత్యేక అవసరాలున్నాయా అన్నవన్నీ లెక్కలో పెట్టి, అలాంటి పిల్లలు మామూలుగా చేరే చోటి కంటే ఈ బడి పిల్లలు ఎంత ముందుకు వెళ్లారో చూసేవారు. 2010లో వచ్చిన ప్రభుత్వం దాన్ని తీసేసింది. పేదపిల్లల నుంచి తక్కువ ఆశించడాన్ని ఈ కొలత అధికారికం చేస్తోందని, తల్లిదండ్రులకు అర్థం కావడం లేదని వాదించింది. 2016 నుంచి ప్రోగ్రెస్ 8 అనే కొలత వాడారు. అది ఇంటి పరిస్థితిని వదిలేసి, పదకొండేళ్ల వయసులో వచ్చిన మార్కుల నుంచి పదహారేళ్లకు ఎంత ఎదిగారన్నదే చూస్తుంది. దానిలోనూ సంపన్న ప్రాంతపు బడులకు కొంత మొగ్గు మిగిలే ఉందని గోల్డ్‌స్టీన్, ఆయన సహచరుడు జార్జ్ లెకీ చూపించారు. అయినా ఒట్టి ఉత్తీర్ణత శాతం కంటే అది ఎంతో నిజాయితీ గల అంకె.

అలాగని పట్టికలే వద్దనడం కూడా పరిష్కారం కాదు. వేల్స్ 2001లో బడుల వారీ పట్టికలు ప్రచురించడం మానేసింది. ఇంగ్లండు కొనసాగించింది. పక్కపక్క దేశాలు, అప్పట్లో ఒకేరకం పరీక్షలు. బ్రిస్టల్ పరిశోధకులు రెండింటినీ పోల్చి చూస్తే, వేల్స్ బడుల ఫలితాలు వెనకబడ్డాయి. పై వరస బడులకు ఏమీ కాలేదు, నష్టం కింది వరసల బడుల్లో జరిగింది. ఎవరూ చూడకపోతే ముందుగా మరుగున పడేది పేదపిల్లలే. ఇంకో కొసన అమెరికా ఉంది. 2002లో సంతకమైన చట్టం ప్రకారం 2014కల్లా ప్రతి పిల్లవాడూ నిర్దేశించిన స్థాయి అందుకోవాలి, అందుకోని బడికి శిక్షలు. ఎక్కడి నుంచి మొదలయ్యారన్నదానితో పనిలేదు. అట్లాంటాలో పిల్లల జవాబుపత్రాలను టీచర్లే దిద్దిన వ్యవహారం బయటపడి, 2015లో 11 మంది విద్యాశాఖ ఉద్యోగులు కోర్టులో దోషులుగా తేలారు. అదే ఏడాది ఆ చట్టం స్థానంలో వేరే చట్టం వచ్చింది.

మన దగ్గర సరైన పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఒకసారి చేసి చూశాం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు కలిసి అయిదు జిల్లాల్లో గ్రామీణ ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. ఏడాది మొదట్లో బయటివాళ్లు వచ్చి పిల్లలకు పరీక్ష పెట్టారు. చివర్లో మళ్లీ పెట్టారు. పిల్లల సగటు ఎంత పెరిగిందో దాన్నిబట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. చివరి పరీక్షకు పిల్లవాడు రాకపోతే ఆ లెక్కలో టీచరుకు నష్టం వచ్చేలా ముందే ఏర్పాటు చేశారు, బలహీనమైన పిల్లల్ని ఇంట్లో ఉంచేయకుండా. ఏ బడినీ పక్క ఊరి బడితో పోల్చలేదు, తన నిన్నటితో తనను పోల్చారు. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకు వెళ్లారు. బోనస్ ఇవ్వాలా వద్దా అనేది వేరే చర్చ, నాకు అందులో సందేహాలున్నాయి. కొలిచిన తీరు మాత్రం న్యాయమైనది.

దాన్ని హైస్కూళ్లకు తేవాలంటే కావలసింది ఆరో తరగతి మొదట్లో నమ్మదగిన ఒక పరీక్ష. చదవడం, రాయడం, నాలుగు లెక్కలు, అంతే. తెలంగాణలో 2022లో తొలిమెట్టు మొదలైనప్పుడు ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి ప్రారంభ పరీక్షలు పెట్టారు, కాబట్టి అలవాటు లేని పని కాదు. ఆ పరీక్ష సొంత బడి టీచర్లు పెట్టకూడదు. పెరుగుదల ఎక్కువ కనిపించడానికి మొదటి మార్కులు తగ్గించాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది, ఆ ప్రలోభానికి టీచర్లను గురిచేయడం వాళ్లకు అన్యాయం. పక్క మండలం వాళ్లు వచ్చి పెడితే చాలు. పదో తరగతిలో ఆ పిల్లలనే చూడాలి, వెళ్లిపోయినవాళ్లను కూడా లెక్కలో ఉంచి. అప్పుడు ఆరులో రెండో తరగతి వాచకం తడుముకుంటూ చదివిన పిల్ల పదిలో 40 మార్కులతో పాసైతే, ఆ బడి చేసిన పని కనిపిస్తుంది. ఆరులోనే దిట్టగా వచ్చి పదిలో 90 తెచ్చుకున్న పిల్ల బడిని అంతకంటే గొప్పదనాల్సిన పని ఉండదు.

పిల్లల ముందు గీత మాత్రం మార్చకూడదు. సవర ఇంటి పిల్లకైనా బంజారాహిల్స్ పిల్లకైనా పాస్ మార్కు ఒకటే, రావలసిన చదువు ఒకటే. ఇంటర్లో, ఉద్యోగంలో, బ్యాంకు కౌంటరు దగ్గర ఆమె పరిస్థితిని చూసి ఎవరూ మినహాయింపు ఇవ్వరు. పరిస్థితిని చూడాల్సింది బడిని తూచేటప్పుడు, దానికంటే ముఖ్యంగా బడికి సాయం పంపేటప్పుడు. వెనకబడిన పిల్లలు ఎక్కువగా ఉన్న బడి వాళ్లను అదే గీత దాటించాలంటే దానికి మిగతా బడుల కంటే ఎక్కువ టీచర్లు, ఎక్కువ గంటలు, ఎక్కువ డబ్బు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి ఎదురు: దూరపు బడిలోనే ఖాళీలు, దూరపు బడికే సంజాయిషీ.

కాబట్టి వచ్చే ఏడాది ఫలితాల సమీక్ష ఏప్రిల్‌లో కాకుండా ముందటి జూన్‌లో మొదలవ్వాలి. ప్రతి మండలంలో ఏ బడి ఎలాంటి పిల్లలతో మొదలవుతోందో ఆ నెలలోనే రాసుకోవాలి. కోసిగిలో పదో తరగతి పిల్లల్లో ఎంతమంది తల్లిదండ్రులు సుగ్గికి పోతారో హెడ్మాస్టరుకు జూన్‌లోనే తెలుసు, అడిగితే పేర్లతో సహా చెబుతారు. ఆ జాబితా పట్టుకుని, మొదటి లారీ ఊరు దాటకముందే, అంటే దసరా నాటికి, సీజనల్ హాస్టల్లో మంచాలు, వంటమనిషి, రాత్రిపూట చదివించే టీచరు సిద్ధంగా ఉన్నారో లేదో డీఈవో స్వయంగా వెళ్లి చూడాలి. అవన్నీ అందిన తర్వాత కూడా ఫలితం రాకపోతే, అప్పుడు ఆ లెక్కల టీచరును అడిగే హక్కు ఆయనకు ఉంటుంది.